తెలుగు యూరప్ యాత్రారచనలో మిత్రగృహం: బొగ్గుగనుల ప్రాంతం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

యూరప్ నగరాలను చూసివచ్చి రాసిన తెలుగు రచనల్లో నగరానికీ నగరానికీ మధ్య తరచుగా ఒక మిత్రుడి ఇల్లు ఉంటుంది. విమర్శ ఆ ఇంటిని కృతజ్ఞతావాక్యంగా భావించి దాటిపోయింది. యాత్రికుడు ఏది చూడాలో, ఏది చూడకుండా తిరిగి రావాలో నిర్ణయించేది ఆ ఇల్లేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలనకు ఎంచుకున్న పాఠకస్థానం మంచిర్యాల జిల్లా కాసిపేట. అక్కడి నుంచి చదివినప్పుడు ఈ రచనల్లో కనిపించే ఒక పెద్ద ఖాళీని, అంటే యూరప్ బొగ్గుప్రాంతాలను, వ్యాసం చర్చకు తెస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, మిత్రగృహం, ఆతిథ్యం, ప్రవాసం, సింగరేణి, బోరినాజ్.

1. ఉపోద్ఘాతం

యూరప్ యాత్ర చేసివచ్చిన తెలుగు రచయిత పుస్తకంలో ముందుమాటలోనో చివరి పుటలోనో ఒక పేరా తరచుగా కనిపిస్తుంది. ఫలానా నగరంలో తమ ఇంట్లో ఉంచుకొని, సెలవు పెట్టి ఊరంతా తిప్పి, రైలు ఎక్కించేటప్పుడు పులిహోర పొట్లం చేతిలో పెట్టిన మిత్రదంపతులకు కృతజ్ఞతలు చెప్పే పేరా అది. పరిశోధకులు దాన్ని చదివి వదిలేస్తారు. యాత్రాసాహిత్యంపై సిద్ధాంతవ్యాసాల్లో స్థలవర్ణన, శైలి, జాతీయభావం, సంస్కృతుల తులన వంటి అధ్యాయాలకు చోటు దొరుకుతుంది. యాత్రికుడు రాత్రి ఎవరి మంచంమీద పడుకున్నాడు, ఎవరు వండిపెట్టారు, ఎవరి సెలవురోజున నగరం చూశాడు అన్న ప్రశ్నలకు మాత్రం అధ్యాయం ఉండదు. ఇవి గృహసంబంధమైన చిల్లర విషయాలనీ, సాహిత్యవిమర్శకు పనికిరావనీ ఒక అనుచ్చారిత అభిప్రాయం ఉన్నట్టు తోస్తుంది.

ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించడానికి కాసిపేట అనువైన చోటు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుంచి మంచిర్యాల జిల్లాలో భాగమైన ఈ మండలం సింగరేణి మందమర్రి ఏరియా గనులతో ముడిపడి ఉంది. బొగ్గుబెల్టు కుటుంబాల్లో ఒక తరం భూగర్భంలో షిఫ్టులు చేసింది. ఆ సంపాదనతో చదువుకున్న తరువాతి తరంలో కొందరు జర్మనీ, ఐర్లాండ్, బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. ఇటువంటి ఇంట్లో యూరప్ పుస్తకంలో చదివే ఖండంగా మిగలదు. అది ఒక చిరునామా, ఒక ఫోన్ పిలుపు, నెలాఖరుకు కట్టవలసిన విద్యారుణం. ఆ ఇంటివాళ్లు యూరప్ యాత్రాగ్రంథం తెరిచినప్పుడు ఈఫిల్ టవర్ ఎత్తుకన్నా ముందు వెదికేది ఆతిథ్యమిచ్చిన మిత్రుడి బతుకును.

2. సత్రం నుంచి మిత్రగృహానికి

తెలుగు యాత్రారచనకు మిత్రుడు కొత్తవాడు కాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన కాశీయాత్ర వృత్తాంతం మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు దారిపొడవునా పంపిన రాతల్లోంచి రూపొందింది. 1838లో దానిని అచ్చు వేయించినవాడూ ఆ మిత్రుడే. తెలుగు యాత్రాచరిత్ర పుట్టుకలోనే ఒక మిత్రుడు ఉన్నాడు. అయితే అతడు దారిలో లేడు, ఇంటిదగ్గర ఉన్నాడు. యాత్రికుడు చూసినదాన్ని అతడికి నివేదించాడు. రాత్రిబసకు సత్రం, గుడారం, తోపు, ఊరి చావడి ఉన్నాయి. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఏ మజిలీలో ఏమి దొరుకుతుంది, ఏ దారిలో బోయీలు కష్టపడ్డారు అన్న వివరాలు అంత విస్తారంగా రావడానికి కారణం ఇదే. ఆతిథ్యమిచ్చిన ఇల్లు ఒకటి అడ్డుగా లేనందున యాత్రికుడు ఊరిని నేరుగా ఎదుర్కొన్నాడు. నిర్మల, ఆదిలాబాద్ మీదుగా నాగపురం దిశగా ఆయన సాగినప్పటికి ఈ ప్రాంతపు బొగ్గు ఎవరి లెక్కలోనూ లేదు. ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును గుర్తించడం మరో నాలుగు దశాబ్దాల తరువాత, 1871లో జరిగింది.

సముద్రం దాటిన తరువాత ఈ అమరిక తలకిందులైంది. యూరప్‌లో తెలుగువాడికి సత్రం లేదు. కాశీలో పండా ఇంటి వంటిదీ లేదు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు చిత్రాల పుస్తకం తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వచ్చి 1876లో మద్రాసులో అచ్చయింది. ఆమె కాలానికి సముద్రయానమే వివాదాంశం; ఎవరింట్లో దిగాలన్నది తరువాతి మాట. ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో విమానయానం వచ్చాక యాత్రికుడికి రెండు ఆధారాలు ఏర్పడ్డాయి. ఒకటి సంస్థ ఇచ్చిన ఆహ్వానం, రెండోది మిత్రుడు. సి. నారాయణరెడ్డి యాత్రాగ్రంథాల పేర్లే ఈ మార్పుకు సాక్ష్యం: ముచ్చటగా మూడు వారాలు, సోవియట్ రష్యాలో పదిరోజులు, పాశ్చాత్య దేశాలలో యాభై రోజులు. మూడింటిలోనూ లెక్కింపు రోజుల్లోనో వారాల్లోనో సాగింది. వీరాస్వామయ్య మజిలీలు లెక్కపెట్టాడు. ఆధునిక యాత్రికుడు తేదీలు లెక్కపెడతాడు. అతిథి రోజులు లెక్కపెట్టక తప్పదు. ఇల్లు మరొకరిది, సెలవు మరొకరిది.

ఈనాడు ఆ లెక్క చట్టంలోకీ ఎక్కింది. లక్సెంబర్గులోని షెంగెన్ అనే చిన్న ఊరిలో 1985 జూన్ 14న సంతకాలు జరిగిన ఒప్పందం పేరుతో ఇప్పుడు స్వల్పకాలిక వీసా నడుస్తోంది. దాని ప్రకారం 180 రోజుల వ్యవధిలో 90 రోజులకు మించి ఉండరాదు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా ఉండాలి. ఎక్కడ బస చేస్తారో ముందే చూపాలి. హోటలు కాకపోతే మిత్రుడు కాగితం పంపాలి. ఫ్రాన్స్‌లో ఉన్న మిత్రుడైతే తన పురపాలక కార్యాలయానికి వెళ్లి, అతిథికి ఇంట్లో చోటు ఉందని చూపి, ధ్రువపత్రం తీసుకోవాలి. జర్మనీలో ఉన్నవాడు అతిథి ఖర్చులకు తాను పూచీ అని అధికారుల ఎదుట సంతకం చేయవలసి రావచ్చు. యాత్ర మొదలుకాకముందే స్నేహం ఒక దస్తావేజు అవుతోంది. అద్దె ఇంట్లో ఇద్దరు ముగ్గురితో కలిసి ఉండే విద్యార్థికి ఇది చిన్న పని కాదు. ఈ ఘట్టం తెలుగు యాత్రారచనల్లో రావలసినంతగా రాలేదు. వీసా ఇంటర్వ్యూలో పడ్డ కంగారు వస్తుంది గాని, అవతలివైపు మిత్రుడు నిలబడ్డ వరుస కనబడదు.

3. మిత్రుడి వంటగది, మిత్రుడు చూపని కార్యాలయం

మిత్రగృహం వల్ల రచనకు కలిగిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. ప్యాకేజీ యాత్రలో బస్సు ఆగినచోటే నగరం మొదలై బస్సు కదిలినచోటే ముగుస్తుంది. మల్లాది వెంకటకృష్ణమూర్తి ట్రావెలాగ్ యూరప్ వంటి రచనల్లో పాఠకుడికి ప్రయాణసమాచారం అందించే ధోరణి ప్రధానం. దానికి దాని ప్రయోజనం ఉంది. కాని నగరంలో మనుషులు ఎలా బతుకుతున్నారన్నది తెలిసేది ఇంటిలోపలే. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రమే కూరగాయలు తెచ్చుకోవాలి. రాత్రి పది దాటితే మిక్సీ తిప్పడానికి జంకాలి. చెత్తను నాలుగు డబ్బాల్లోకి వేరుచేయాలి. వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్లసీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు చేతికొస్తాయి. ఈ సంగతులు ఏ గైడూ చెప్పడు. వీటిని చెప్పిన పుటల్లోనే యూరప్ పాఠకుడికి నమ్మదగినదిగా కనిపిస్తుంది. కొలోన్ కెథడ్రల్ గోపురాల ఎత్తు మరచిపోయినవాడు కూడా ఖాళీ సీసాల సంచి పట్టుకొని యంత్రం ముందు నిలబడ్డ మిత్రుణ్ణి మరచిపోడు.

పెట్టె సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మిత్రుడి ఇంటికి వెళ్లే యాత్రికుడు అతడి తల్లిదండ్రుల దూత కూడా. సకినాలు, కారప్పొడి, మామిడికాయ తొక్కు తూకం చూసి సర్దుతారు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తేకూడదు. తల్లి కాచి ఇచ్చిన నెయ్యి సీసా ఇక్కడే ఆగిపోవాలి, తొక్కు మాత్రం వెళ్లవచ్చు. యాత్రాసాహిత్యంలో వస్తుసంస్కృతి గురించి రాయదలచిన పరిశోధకుడికి ఆ పెట్టె ఒక అధ్యాయానికి సరిపడా సామగ్రి.

ఇక లోపాలు. మొదటిది, వండిపెట్టిన మనిషి. మిత్రుడికి పేరు, ఊరు, ఉద్యోగం, చదువు అన్నీ ఉంటాయి. అతడి భార్య చాలా సందర్భాల్లో వదినగారుగానో చెల్లెమ్మగానో మిగిలిపోతుంది. ఆమె చేసిన గోంగూర పప్పుకు ప్రశంస దక్కుతుంది. ఆమె కూడా ఉద్యోగి అయి ఉండవచ్చు, ఆ వారం రోజులూ ఆఫీసు నుంచి వచ్చి ఇద్దరికి బదులు నలుగురికి వండి ఉండవచ్చు. ఆ నగరం ఆమెకు ఎలా కనిపిస్తుందో అడిగిన యాత్రికులు అరుదు. ఇది స్త్రీవాద విమర్శ ఎన్నడో వేసిన ప్రశ్నే; యాత్రాసాహిత్య విమర్శలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

రెండో లోపం అంతకన్నా లోతైనది. మిత్రుడు శని, ఆదివారాల్లో నగరాన్ని చూపిస్తాడు. తాను వచ్చిన కొత్తలో ఇంకో మిత్రుడు తనకు చూపినవే చూపిస్తాడు. టవరు, వంతెన, రాజప్రాసాదం, మ్యూజియం, నదిలో పడవ. ఆ ఐదింటినీ వచ్చిన ప్రతి చుట్టానికీ చూపి చూపి అతడు విసిగి ఉంటాడు కూడా. సోమవారం అతడు ఎక్కడికి వెళ్తాడో యాత్రికుడు చూడడు. గిడ్డంగిలో రాత్రిపని, ఆసుపత్రి వార్డు, ప్రయోగశాల, కంప్యూటరు ముందు గంటలు, ఏదీ పుస్తకంలోకి రాదు. యాత్రికుడికి మిత్రుడి ఫ్రిజ్‌లో ఏముందో తెలుస్తుంది గాని, ఆ ఫ్రిజ్‌ను నింపే పని ఏమిటో తెలియదు. యూరప్ మనకు శ్రమలేని ఖండంగా కనిపించడానికి ఈ అలవాటు ఒక ముఖ్యకారణం. అక్కడ అన్నీ వాటంతట అవే శుభ్రంగా, సమయానికి జరుగుతున్నట్టు రాసే వాక్యాల వెనుక ఉన్నది యాత్రికుడి అమాయకత్వమే అనుకోనక్కర్లేదు. అతణ్ణి తిప్పిన మిత్రుడి వారాంతం కూడా ఆ వాక్యాల్లో ఉంది.

దీనికి భిన్నమైన మార్గం తెలుగులో లేకపోలేదు. మాచవరపు ఆదినారాయణ భ్రమణకాంక్షలో నడక ప్రధానం. ముందే తెలిసిన మిత్రుడి ఇంటికి చేరడం కాక, దారిలో తారసపడ్డ అపరిచితుడు మిత్రుడు కావడం అక్కడి పద్ధతి. ఉప్పల లక్ష్మణరావు ఆత్మకథ బతుకు పుస్తకం యాత్రాగ్రంథం కాకపోయినా ఇక్కడ గుర్తుచేయదగినది. యూరప్‌లో చదువుకొని, స్విట్జర్లాండ్ మహిళను వివాహమాడి, తరువాతి జీవితంలో మాస్కోలో సోవియట్ ప్రచురణలకు తెలుగు అనువాదకుడిగా పనిచేసిన మనిషికి యూరప్ దర్శనీయస్థలం కాలేదు. అది బంధుత్వం, ఉద్యోగం. అందువల్ల ఆయన దృష్టి రోజుల లెక్కకు లొంగదు. యాభై రోజుల యాత్రకు, బతుకులో ఏళ్ల తరబడి గడిపిన చోటుకు మధ్య ఉన్న తేడాను చూపడానికి ఈ పుస్తకాన్ని యాత్రాసాహిత్య పాఠ్యాల పక్కన పెట్టి బోధించడం మంచిది.

4. లండన్‌లో ఒక తెలుగు మిత్రుడు

ఆతిథేయి ఎవరన్నదాన్ని బట్టి ఆతిథ్యం ఫలితం ఎలా మారుతుందో తెలుసుకోవడానికి లండన్ మంచి ఉదాహరణ. అక్కడ స్థిరపడిన గూటాల కృష్ణమూర్తి 1890ల నాటి ఆంగ్లసాహిత్యంపై కృషిచేసి, ఆ దశాబ్దపు రచయితల పేరిట ఒక సంఘాన్ని నడిపిన పండితుడు. శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో తొలిసారి పుస్తకంగా వచ్చింది. 1981లో కవి సొంత దస్తూరీతో, కవి గొంతు ముద్రించిన కేసెట్‌తో దానిని లండన్ నుంచి వెలువరించినవాడు కృష్ణమూర్తి. మిత్రుడు కవికి నగరం చూపించాడా, ఏ వీధుల్లో తిప్పాడా అన్నది ఇక్కడ అప్రధానం. మిత్రుడు తన పనిలోకి అతిథిని తీసుకున్నాడు. శతాబ్దాంతపు ఆంగ్లకవుల అరుదైన ప్రతులతో, చక్కని అచ్చుతో పరిచయమున్న మనిషి తెలుగు కవికి అదే మర్యాద చేశాడు. కవి చేతిరాత అచ్చులోకి రావాలన్న ఆలోచన మిత్రుడి అభిరుచి నుంచి వచ్చింది. తెలుగు సాహిత్యానికి యూరప్‌లోని మిత్రుల వల్ల దక్కిన వాటిలో ఇది చాలా యాత్రాగ్రంథాలకన్నా విలువైనదని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

ఇంగ్లండు యాత్రికులకు మరో రకం మిత్రులు కూడా ఉన్నారు. లండన్ కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో 1884లో మరణించిన సి.పి. బ్రౌన్ సమాధి ఉంది. సర్రీలోని డోర్కింగ్‌లో 1899లో మరణించిన ఆర్థర్ కాటన్ సమాధి ఉంది. తెలుగువాళ్లు వెదుక్కుంటూ వెళ్లి పూలు పెట్టి వస్తారు. ఈ పర్యటనల గురించి రాసేటప్పుడు తరచుగా భక్తి విమర్శను మింగేస్తుంది. నిఘంటువు, ఆనకట్ట రెండూ పాలనావసరాల నుంచి కూడా పుట్టాయన్న స్పృహ సమాధి దగ్గర తలెత్తదు. బహుశా సమాధి దగ్గర తలెత్తకపోవడమే మర్యాద. కాని యాత్రికుడు రాయడానికి ఇంటికి తిరిగివస్తాడు కదా. ఐర్లాండ్‌కు చెందిన జె.పి.ఎల్. గ్విన్ విషయంలో ఈ చిక్కు తక్కువ. భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని, జె. వేంకటేశ్వర శాస్త్రి సహకారంతో 1991లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన ఆయన పని స్నేహం, సహకారాల ఫలితమని ముఖపత్రాలే చెబుతున్నాయి.

లండన్‌కు బొగ్గుబెల్టుతో ఉన్న సంబంధం మాత్రం యాత్రాగ్రంథాల్లో వినబడదు. ఇల్లెందు బొగ్గు తవ్వకానికి 1886లో హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో నమోదైన సంస్థ. ఆ గని రాయితీ వ్యవహారం ఎంత వివాదమైందంటే 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ దాని ఆస్తులను, అప్పులను స్వీకరించింది. 1945లో నిజాం ప్రభుత్వం అధికభాగం వాటాలు కొన్నది. పార్లమెంటు భవనం ఎదుట నిలబడి ఫొటో దిగే యాత్రికుడు కాసిపేటవాడైతే, ఆ భవనంలో ఒకనాడు తన ప్రాంతపు బొగ్గు గురించి సాక్షులను ప్రశ్నించారన్న సంగతి అతడికి తెలియాలి. వెస్ట్‌మిన్‌స్టర్ వర్ణనల్లో గడియారం మోగుతుంది, ఈ సంగతి మోగదు.

5. బస్సు కిటికీ అవతల

పారిస్ నుంచి బ్రస్సెల్స్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ చేరడం యూరప్ యాత్రలో బాగా నలిగిన దారి. ప్యాకేజీ బస్సయినా, మిత్రుడి కారయినా సాధారణంగా వలాన్సియెన్, మోన్స్ పట్టణాల పక్కగా సాగే రహదారి మీదే వెళ్తుంది. యాత్రాగ్రంథాల్లో ఈ మూడు నాలుగు గంటలు చాలా తేలిగ్గా గడిచిపోతాయి. పొలాలు పచ్చగా ఉన్నాయి, రోడ్లు నున్నగా ఉన్నాయి, అందరూ కునుకు తీశారు. తరువాతి పేరా బ్రస్సెల్స్‌లో మొదలవుతుంది.

ఆ కునుకులో దాటిపోయిన ఊళ్లను గమనించాలి. వలాన్సియెన్‌ను ఆనుకొని అంజాన్ ఉంది. 1884 ఫిబ్రవరిలో అక్కడి గనికార్మికుల సమ్మె సమయంలో ఎమిల్ జోలా స్వయంగా వెళ్లి, గనిలోకి దిగి, కార్మికుల ఇళ్లు చూసి, మరుసటి ఏడాది జెర్మినల్ నవల ప్రచురించాడు. సరిహద్దు దాటగానే మోన్స్ పక్కన బోరినాజ్ బొగ్గుప్రాంతం. విన్సెంట్ వాన్ గో 1878 డిసెంబరు నుంచి 1880 అక్టోబరు వరకు ఉన్నది అక్కడే. మతబోధకుడిగా వెళ్లిన ఆ యువకుడు తన బట్టలు పంచిపెట్టి, గుడిసెలో గడ్డిమీద పడుకొని, మార్కాస్ గనిలో ఆరు గంటలు గడిపివచ్చి తమ్ముడు తేయోకు ఉత్తరం రాశాడు. అతడు చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది బోరినాజ్‌లోనే. తెలుగు యాత్రికులు మరుసటి రోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం చూసి, బంగాళదుంపలు తినేవాళ్ల చిత్రం ముందు నిలబడి, పేదరికం గురించి రెండు మంచి వాక్యాలు రాస్తారు. ఆ మసిబారిన ముఖాలను గీసిన చేయి అంతకు ఐదేళ్ల ముందు బొగ్గుబాయి ముఖాలను గీస్తూ నేర్చుకున్నదని, ఆ ఊరిని నిన్న నిద్రలో దాటామని రాయరు. ఇర్వింగ్ స్టోన్ నవల లస్ట్ ఫర్ లైఫ్ పి. మోహన్ అనువాదంలో జీవన లాలసగా తెలుగులోకి వచ్చింది. దాని తొలిభాగం బోరినాజ్ గనుల్లోనే నడుస్తుంది. దానిని చదివిన కాసిపేట పాఠకుడు బోరినాజ్‌ను ఎరుగును. అక్కడికి వెళ్లివచ్చిన యాత్రికుడు ఎరగడు.

జోలా, వాన్ గోల సరసన జార్జ్ ఆర్వెల్‌ను కూడా పెట్టి చూడవచ్చు. 1936 తొలినెలల్లో ఆయన ఉత్తర ఇంగ్లండు బొగ్గుపట్టణాలు తిరిగాడు. చేతిలో ఉన్నవి అడెల్ఫీ పత్రిక మిత్రులిచ్చిన చిరునామాలు. ఒక మిత్రుడు మరొకరి చిరునామా ఇవ్వగా, ఆ చిరునామాల గొలుసు పట్టుకొని కార్మికుల ఇళ్లలో, అద్దె గదుల్లో ఉంటూ సాగిన యాత్ర అది. ది రోడ్ టు విగన్ పియర్ 1937లో వెలువడింది. తెలుగు యూరప్ యాత్ర కూడా ఇదే పద్ధతిలో, చిరునామా నుంచి చిరునామాకు సాగుతుంది. పద్ధతి ఒకటే అయినా ఫలితం వేరు కావడానికి కారణం ఏమిటి? ఆర్వెల్ తన ఆతిథేయుల పనిని చూడటానికి వెళ్లాడు, వాళ్లతో గనిలో దిగాడు. మన యాత్రికుడు ఆతిథేయి చూపే వాటిని చూడటానికి వెళ్తాడు. ఆర్వెల్ రచనలో మధ్యతరగతి అసహ్యం, అతిశయోక్తి ఉన్నాయన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఆతిథ్యమిచ్చిన ఇంటి వంటగది నుంచి గని లోపలికి దారి వేసిన రచనగా అది మనకు పనికొస్తుంది.

ఈ చర్చలో పందెం సాహిత్యాభిరుచికి మాత్రమే సంబంధించినది కాదు. యూరప్ బొగ్గుప్రాంతాలు సింగరేణి ప్రాంతానికి రాబోయే దశను ముందుగా చూశాయి. బెల్జియంలో చివరి గని 1992లో, ఫ్రాన్స్‌లో 2004లో మూతపడింది. బ్రిటన్‌లో చివరి పెద్ద భూగర్భగని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది. జర్మనీలో చివరి నల్లబొగ్గు గని, బోట్రోప్‌లోని ప్రోస్పర్ హానియెల్, 2018 డిసెంబరు 21న మూసినప్పుడు కార్మికులు చివరి బొగ్గుముక్కను దేశాధ్యక్షుడి చేతికిచ్చారు. గని మూసినంత మాత్రాన పని ఆగలేదు. రూర్ ప్రాంతంలో తవ్వకాల వల్ల నేల కుంగిన చోట్ల నీరు నిలవకుండా, గనినీరు తాగునీటిలో కలవకుండా పంపులు ఎప్పటికీ నడుస్తూ ఉండాలి. ఆ ఖర్చు భరించడానికి 2007లో ఒక ప్రత్యేక నిధిసంస్థను ఏర్పాటు చేశారు. భూగర్భగనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగిన కాసిపేట, మందమర్రి, గోదావరిఖని ప్రాంతాల్లో మూసిన గని తరువాత ఊరు ఏమవుతుందన్నది పండితచర్చ కాదు, ఇంటింటి మాట. దానికి జవాబు ఉన్న ఊళ్ల మీదుగా మన యాత్రికులు వెళ్లివచ్చారు. తెచ్చిన సమాచారం మాత్రం స్విస్ చాక్లెట్ ధర.

ఈ ఊళ్లు దర్శనీయ స్థలాలు కావన్న సమాధానం చెల్లదు. ఎస్సెన్‌లోని జోల్‌ఫెరైన్ గని 1986లో మూతపడి, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందరూ వెళ్లే కొలోన్ కెథడ్రల్ నుంచి అక్కడికి రైల్లో సుమారు గంట ప్రయాణం. బోకుమ్‌లో 1930లో స్థాపించిన గనుల మ్యూజియం ఉంది. ఉత్తర ఫ్రాన్స్ బొగ్గుప్రాంతం 2012లో అదే జాబితాలో చేరింది. పారిస్‌లో మోనాలీసా ముందు తొక్కిసలాటను వర్ణించని యాత్రాగ్రంథం అరుదు. అదే లూవ్ర్ మ్యూజియం రెండో శాఖను 2012 డిసెంబరులో లాన్స్ పట్టణంలో ఒక పాత గని ఆవరణలో తెరిచారు. బెల్జియంలోని మార్సినెల్ గనిలో 1956 ఆగస్టు 8న జరిగిన అగ్నిప్రమాదంలో 262 మంది మరణించారు, వారిలో 136 మంది ఇటలీ వలస కార్మికులు. ఆ గని కూడా నేడు స్మారకస్థలం. పనికోసం దేశం దాటివచ్చి గనిలో చనిపోయిన వాళ్లు వారిలో ఎందరో. వలస వెళ్లినవాడి బతుకు ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం యూరప్‌లో దొరకదు.

ఈ ఖాళీని పూరించగల రచయిత ఎక్కడి నుంచి రావచ్చునో ఊహించడం కష్టం కాదు. రూర్ విశ్వవిద్యాలయాల్లో తెలుగు విద్యార్థులు ఉన్నారు. బొగ్గుబెల్టు తల్లిదండ్రులు కొడుకునో కూతురినో చూడటానికి వెళ్లే రోజులూ వచ్చాయి. విశ్రాంత గనికార్మికుడు బోకుమ్ మ్యూజియంలో చూపుడు సొరంగంలోకి దిగితే, దుంగల ఆనికలు, టబ్బులు, క్యాప్‌ల్యాంపులు అతడికి ప్రదర్శనవస్తువులుగా కనిపించవు. ఏది సరిగా అమర్చారో, ఏది చూపుకోసం పెట్టారో అతడు చెప్పగలడు. అక్కడి కార్మికులు ఒకరినొకరు పలకరించుకునే గ్లూక్ ఆఫ్ అన్న మాటలో, క్షేమంగా పైకి రావాలన్న కోరిక ఉందని ఎవరైనా చెబితే అతడికి వివరణ అక్కర్లేదు. అటువంటి వ్యక్తి రాయకపోతే చెప్పించి రాయించవచ్చు. వీరాస్వామయ్యకు శ్రీనివాస పిళ్ల ఉన్నట్టు అతడికీ ఒక మిత్రుడు కావాలి. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని కళాశాలల్లోని తెలుగు శాఖలు ఆ పని చేయగల స్థితిలోనే ఉన్నాయి.

మోన్స్ పక్కన క్యుఎమ్ అనే ఊళ్లో ఒక చిన్న ఇటుక ఇల్లు ఉంది. వాన్ గో 1879–80లో అందులో అద్దెకున్నాడు. ఆతిథ్యమిచ్చినది దెక్రూక్ అనే గనికార్మికుడి కుటుంబం. ఇప్పుడు ఆ ఇల్లు మ్యూజియం. పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు బస్సు వెళ్లే రహదారికి అది కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.